కడుపు మీది కుట్టు

ధబ్బుమని ఎలుగు తోలొకటి గడపలో పడింది. దాని వెనకే ఒక మనిషి వంగి లోపలికి వచ్చాడు. తోళ్ళు కుట్టే ఓబుళమ్మ మూలనున్న రోకలి అందుకుంది.

వాడి ఒంటినిండా బురద, గడ్డంలో ఎండుటాకులు, భుజాన చిరిగిన గొంగడి. అయినా ఆ నిలబడడం కూలివాడి నిలబడడం కాదు. ముఖం మీద ఎండ పడగానే ఆమె గుర్తుపట్టింది. కాంచనదుర్గం యువరాజు అరిందముడు. నాలుగు నెలల కిందట తెల్లగుర్రమెక్కి, వెనక పన్నెండుగురిని వేసుకుని, ఈ గొంగడిపల్లె మీదుగానే నెత్తురుకోనలోకి పోయాడు. మాంత్రికుడు ఖర్వటుడి తల తెస్తానని పోయాడు. ఆ పన్నెండుగురిలో గుడారాలు కుట్టే బసివయ్య ఒకడు. ఓబుళమ్మ మొగుడు.

"తలుపు వేయి," అన్నాడు అరిందముడు.

"పదమూడుగురు పోతిరి. ఒక్కడివి వస్తివి. నీకు తలుపొకటి వేయాల్నా?"

"నీ భర్త బతికి ఉన్నాడు ఓబుళమ్మా."

రోకలి కొంచెం దిగింది.

అరిందముడు గోడకు చేరగిలబడి చెప్పాడు. కోనలో కాలు పెట్టగానే ఖర్వటుడు బూడిద కలిపిన నీళ్ళు చల్లాడు. చుక్క తగిలినవాడు తగిలినట్టే ఎలుగైపోయాడు. అరిందముడు వాగులో దూకి కొట్టుకుపోయాడు. పన్నెండు ఎలుగుల మెడల్లో ఖర్వటుడు ఇనుప కంటెలు వేశాడు. రోజూ మధ్యాహ్నం నల్లరాతి తొట్టిలో బూడిద నీళ్ళు తాగిస్తాడు. ఆ నీళ్ళు తాగినంతకాలం ఒళ్ళు ఎలుగుదే. బుద్ధి మాత్రం మనిషిదే, మాట ఒక్కటే రాదు. ఎనిమిది రోజుల్లో సూర్యగ్రహణం. ఆ పట్టు సమయానికి పన్నెండింటినీ గుండంలో వేసి కాల్చేస్తాడు. కాలితే ఖర్వటుడికి చావు ఉండదు.

అరిందముడు మొలలో నుంచి చిన్న దుంప తీశాడు. వేలెడంత. చీకటి మూలలో కూడా లేతగా వెలుగుతోంది.

"ఏడుమెట్ల కొండ మీది ముని ఇచ్చాడు. ఇది ఆ తొట్టిలో పడితే చాలు. తాగిన వాళ్ళు నూరు అంకెలు లెక్కపెట్టేలోగా మనుషులవుతారు. కానీ తొట్టి దగ్గరికి ఎలుగు తప్ప మనిషి పోలేడు. నలభై మంది విలుకాళ్ళు చుట్టూ ఉంటారు. అందుకని నేనే ఎలుగుగా పోతాను. ఈ తోలు నా ఒంటికి కుట్టు."

ఓబుళమ్మ తోలు వైపు చూసింది. తోలు మెడకు ఇనుప కంటె ఇంకా ఉంది.

"ఇదెక్కడిది?"

అరిందముడు నేల చూశాడు.

"నిన్న కోన అంచున నా మీద పడింది. కత్తి దూయక తప్పలేదు."

"నీ మీద పడిందా? నీ కాళ్ళ మీద పడిందా?"

అరిందముడు దుంపను తిరిగి మొలలో దోపుకున్నాడు.

ఓబుళమ్మ రోకలి పారేసి తోలు ముందు కూలబడింది. ఒక్కొక్క పంజా తిప్పి చూసింది. చెవులు చూసింది. వెంట్రుకలు పాయలు తీసి చర్మం చూసింది. బసివయ్య ఎడమ చెయ్యి మీద కాలిన మచ్చ ఉండేది. ఇక్కడ ఏమీ లేదు.

"గుర్తులు మిగలవు. పన్నెండూ ఒకే అచ్చు," అన్నాడు అరిందముడు.

"అంటే ఇది నా మొగుడో, మరొకతె మొగుడో నీకు తెలియదు."

"తెలియదు."

"పేరన్నా అడగలేదు."

"ఓబుళమ్మా!"

"అరవొద్దు దొరా. ఇది నా ఇల్లు." ఆమె లేచి కొంగు దోపుకుంది. "పదకొండు మిగిలినాయి. అందులో మావోడు ఉంటే సరి. లేకపోతే ఈ సూది వాని వీపులోనే దిగుతుంది. రెండూ నీవల్లే. కండ గీకాల, ఆ బాన పట్టు."

ఆ మాటతో పని మొదలైంది.

తంగేడు చెక్క నానిన ఎర్రనీళ్ళలో తోలు మూడు రోజులు ఊరింది. తర్వాత ఓబుళమ్మ వంపు కత్తితో కొవ్వంతా గీకింది. యువరాజు బాన మోశాడు, కంపు భరించాడు, రెండుసార్లు పెరట్లోకి పోయి వాంతి చేసుకుని వచ్చాడు. ఓబుళమ్మ తలెత్తి చూడలేదు. తోలు తిరగేసి పరిచి, మసిబొగ్గుతో గీతలు గీసి, చిన్న బాకుతో లోపలి వైపు నుంచే కోసింది. అరిందముడు కత్తెర అందించబోతే చేతి మీద కొట్టింది.

"కత్తెర పెడితే వెంట్రుక తెగుతాది. తెగిన వెంట్రుక దూరానికే తెలుస్తాది. చర్మం కోయాల, బొచ్చు తెగకూడదు. నీకు తెలిసింది గొంతు కోయడమేలే."

కొలత తీసేటప్పుడు అతను రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. పట్టాభిషేకం అంగీకి నిలబడినట్టు.

"వంగు."

"ఏమిటి?"

"ఎలుగు నిలబడి నడుస్తాదా? నిలబెట్టి కొలిస్తే వంగినప్పుడు వీపు పిగిలిపోతాది. నాలుగు కాళ్ళ మీద వంగు."

కాంచనదుర్గం సింహాసనానికి వారసుడు, వెయ్యి ఏనుగుల దండుకు ఏలిక, పేడతో అలికిన మట్టినేల మీద చేతులు ఆనించి వంగాడు. ఓబుళమ్మ తాడుతో మెడ నుంచి తోకదాకా కొలిచింది. చంక కొలిచింది. ముడులు వేసుకుంది.

"పాకు."

పాకాడు.

"పిరుదు అంత ఎత్తొద్దు. ఎలుగువు, మేకవు కాదు."

"నా రాజ్యంలో అయితే ఈ మాటకు నీ నాలుక కోయించేవాణ్ణి," అన్నాడు అతను పళ్ళ బిగువున.

"నీ రాజ్యంలో అయితే నా మొగుడు గుడారం కుట్టుకుంటూ ఉండేవాడు. ఇంకో రెండు అడుగులు పాకు."

చేతుల్లో గడ్డి కూరింది. భుజాల్లో పాత బొంత ముక్కలు కూరింది. మైనం రుద్దిన నరం దారంతో కుట్టు వేసి, ప్రతి కుట్టుకూ లోపల ఇరుక్కున్న బొచ్చును దబ్బనం మొనతో పైకి లాగింది. లాగి దువ్వగానే కుట్టు మాయమైపోయేది. తల వేరేగా కుట్టింది. మెడ దగ్గర దారాలు కట్టి, ముడి కనపడకుండా పైన ఇనుప కంటె వచ్చేటట్టు చేసింది.

ఏడో రోజు పొద్దున వీపు అమరిందో లేదో చూడడానికి అరిందముణ్ణి తోలులోకి దూర్చి బోర్లా పడుకోబెట్టింది. తల ఇంకా తొడగలేదు. అప్పుడే వీధి తలుపు ఎవరో తన్నారు.

"తెరువే! ఖర్వటస్వామి భటులం!"

దాక్కోవడానికి చోటు లేదు. ఓబుళమ్మ బొంత ఒకటి లాగి యువరాజు మీద కప్పి, చుట్టూ దోపి, పైకెక్కి కూర్చుని దబ్బనం పట్టుకుంది. తలుపు విరిగి పడింది.

వచ్చినవాడు గాలింపు జట్టు నాయకుడు గండప్ప. నల్ల తలపాగా, బుగ్గ మీద కత్తిగాటు. తప్పిపోయిన ఎలుగు కోసం వారం నుంచి ఊళ్ళన్నీ గాలిస్తున్నాడు. ముక్కు మూసుకుని లోపల కలియజూశాడు.

"ఏందే ఈ కంపు?"

"ఎద్దుతోలు నాయనా. జీను కుడుతుండా."

"కింద అదేంది, దున్నపోతంత ఉంది?"

"పరుపు. మీ దండు పెద్దకేనంట, గుమాస్తా చెప్పి పోయినాడు."

"మా పెద్దకా?" గండప్ప ఆమెను పక్కకు నెట్టి తానే కూర్చున్నాడు. అటూ ఇటూ ఊగి చూశాడు. "మెత్తగా లేదే. రాయి కూరినావా?" ఉన్నట్టుండి లేచాడు. "కదిలింది!"

"ఎలక దూరిందేమో. ఉండు."

ఓబుళమ్మ దబ్బనం ఎత్తి బొంతలోకి బొటనవేలు లోతు దించింది. పరుపు కదల్లేదు. చప్పుడు చేయలేదు. ఆమె మరోచోట ఇంకోసారి దించింది.

"చచ్చింది," అంది.

గండప్ప బొంతను కాలితో ఒకసారి పొడిచి చూశాడు. తర్వాత నవ్వాడు. పోతూ పోతూ ఊరికే వదలడం ఇష్టం లేక నీళ్ళ బానను తన్నాడు. నీళ్ళన్నీ బొంత కిందికి పారాయి. భటుల అడుగుల చప్పుడు వీధి మలుపు దాటేదాకా ఆమె కదల్లేదు.

బొంత తీసింది. అరిందముడి ముఖం కందిపోయి ఉంది. పెదవి కొరుక్కుని రక్తం వచ్చింది.

"కావాలనే గుచ్చావు."

"మొదటిసారి అవసరానికి. రెండోది కావాలనే."

తోలు నిలువునా తడిసింది. ఇంకా కడుపు కుట్టు మిగిలింది. నరం దారం అయిపోయింది. దారం తేవడానికి ఓబుళమ్మ తోళ్ళు కడిగే రేవుకు బయల్దేరుతూ వెనక్కి తిరిగి చెప్పింది.

"నీడలో ఆరేయి. మరేం ముట్టుకోవద్దు."

ఆమె వచ్చేసరికి ఇంటినిండా కమురు వాసన.

రేపే గ్రహణం. నీడలో ఎప్పటికి ఆరేను అనుకున్నాడు యువరాజు. యుద్ధాల్లో తడిసిన బట్టలు బంట్లు నెగడు పక్కన ఆరేయడం చూసినవాడు. పొయ్యి నిండా మంట వేసి, పైన తాడు కట్టి, తోలు వేలాడదీశాడు. తడితోలుకు సెగ తగిలితే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పలేదు. అది ముడుచుకుంది. ఎండుమిరపకాయలా ముడుచుకుంది. అరిందముడు ఒక చెయ్యి దూర్చాడు. మోచెయ్యి దగ్గర ఆగిపోయింది.

ఓబుళమ్మ తాడు తెంపింది. తోలు దించింది. నూనె రాసి, మోకాలి కింద పెట్టి, రెండు చేతులా లాగింది. జానెడు సాగింది. అంతకన్నా సాగలేదు.

"బట్ట ఆరేది చూసినావు. తోలు ఆరబెట్టే చేతులు ఎప్పుడూ చూడలేదు," అంది.

"నాదే తప్పు."

"తప్పు కాదు. మా చావు."

ఆమె తోలును ఒంటికి ఆనించుకుని చూసింది. కాళ్ళు దూర్చింది. చేతులు దూర్చింది. వంగింది. వీపు అతికినట్టు సరిపోయింది.

"నువ్వు వెళ్తావా? అక్కడ విలుకాళ్ళు..." అన్నాడు అరిందముడు.

"నీకు పట్టదు, నాకు పట్టింది. నువ్వు కోన గట్టు మీద విల్లు పట్టుకుని ఉండు. మావోళ్ళు మనుషులైతే ఒంటి మీద గుడ్డ ఉండదు, చేతిలో కత్తి ఉండదు. నీ బాణాలే దిక్కు. ఈసారన్నా పరిగెత్తొద్దు."

"పరిగెత్తను."

"చూస్తాం."

అప్పుడు తెలిసిందొక చిక్కు. గొంతు కింది నుంచి బొడ్డు దాకా కడుపు కుట్టు ఒకటి మిగిలింది. లోపల ఉన్న మనిషి ఆ కుట్టు వేసుకోలేదు. బయటి చెయ్యే వేయాలి.

ఓబుళమ్మ దబ్బనం అతని చేతిలో పెట్టింది. నేల మీద వెల్లకిలా పడుకుంది. కత్తి పట్టిన చేతులు కుట్టాయి. రెండుసార్లు ఆమె చర్మంలోకే దించాడు. ఆమె అతని కళ్ళలోకి చూసింది. వదులైతే ఊడిపోతుందని అతని భయం. ప్రతి పోటుకూ వింటినారి లాగినట్టు బిగించి లాగాడు. కుట్టు అమరింది గాని గట్టు కట్టినట్టు ఉబికి నిలబడింది. బొచ్చు పైకి లాగి దువ్వితే కంటికి కనపడలేదు. చేతికి మాత్రం తగులుతుంది. విప్పి మళ్ళీ కుట్టే వేళ లేదు. తెల్లారింది.

నెత్తురుకోన! ఆకాశాన్ని రెండుగా చీల్చినట్టు నిలిచిన ఎర్రరాతి గోడలు. వాటి మీద ఆకు లేని తుమ్మలు, కొమ్మకొమ్మకూ రాబందులు. గోడల పగుళ్ళలో నుంచి గంధకపు పొగ తెల్లని పాముల్లా మెలికలు తిరుగుతూ లేస్తుంది. అడుగున వాగు తుప్పునీళ్ళతో ఎర్రగా పారుతుంది. వాగు ఒడ్డున పదహారు అడుగుల నల్లరాతి తొట్టి. తొట్టి వెనక మనిషి పుర్రెలు పేర్చి కట్టిన అరుగు. అరుగు మీద పులితోలు. పులితోలు మీద ఖర్వటుడు. జడలు నేలను తాకుతున్నాయి, కనురెప్పలకు వెంట్రుకలు లేవు, పది వేళ్ళకూ ఎముక ఉంగరాలు. అరుగు పక్కనే గ్రహణం పట్టేదాకా ఆగకుండా అప్పుడే మండుతున్న గుండం.

ఎలుగుల గుహ వెనక తుప్పల్లో నుంచి ఓబుళమ్మ పాకుతూ మందలో కలిసింది. మెడలో కంటె, బుగ్గలో దుంప. మధ్యాహ్నం కొమ్ము ఊదారు. ఎలుగులు గుహలో నుంచి ఒక్కొక్కటే దిగాయి. ఆమె కూడా దిగింది. ఏది ఎవరో ఆమెకూ తెలియదు, వాటిల్లో కొత్తది ఏదో భటులకూ తెలియదు. ఆమె పక్కన నడిచే ఎలుగు రెండుసార్లు ముక్కు ఎగబీల్చింది. తల తిప్పి ఆమె భుజాన్ని వాసన చూసింది. తర్వాత ముందుకు చూస్తూ నడిచింది. ఇంకాస్త దగ్గరగా నడిచింది.

తొట్టి ముందు వరసగా నిలబడ్డాయి. గండప్ప ఒకటి రెండు అని కర్రతో చూపిస్తూ లెక్కపెట్టి పరుగున అరుగు దగ్గరికి పోయాడు.

"స్వామీ! పన్నెండు! తప్పిపోయింది తిరిగొచ్చింది స్వామీ!"

ఖర్వటుడు పులితోలు మీద నుంచి లేచాడు. మెల్లగా నవ్వాడు. వేలు చూపించాడు. ఇద్దరు భటులు గోనెపట్టా ఒకటి ఈడ్చుకొచ్చి విప్పారు. తోలు లేని కళేబరం. వారం వాగులో నానింది.

"పొద్దున దొరికింది. ఒరే గండప్పా, ఇది ఇక్కడుంటే వరసలో పన్నెండెట్లా అయినాయిరా?"

గండప్ప వరసకేసి తిరిగి వేలు ఆడిస్తూ మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఒకటి కుట్టిందిరా. లోపల మనిషి ఉన్నాడు. ఏదీ నీళ్ళు తాగకూడదు. కడుపులు తడమండి. కుట్టు ఎక్కడ తగిలితే అక్కడ కత్తి దించండి."

ఇద్దరు భటులు వరస మొదట్లో మోకరించి తడమడం మొదలుపెట్టారు. ఒకటి. రెండు. బొచ్చులో వేళ్ళు దూర్చి, మెడ నుంచి బొడ్డు దాకా నింపాదిగా తడుముతున్నారు. ఓబుళమ్మ పన్నెండోది. కదిలితే బాణం. కదలకపోతే కత్తి. దుంప తొట్టిలో ఇప్పుడే ఉమ్మితే కనపడుతుంది. తోలు లోపల చెమట కాలువలు కట్టింది. యువరాజు బిగించిన కుట్టు శ్వాస తీసినప్పుడల్లా రొమ్ముకు ఒత్తుకుంటోంది. ఆరు. ఏడు.

భటులు తొమ్మిదో దాని దగ్గరికి వచ్చారు.

ఆమె పక్కనున్న పదకొండో ఎలుగు కూర్చుంది. ముందర పంజా ఎత్తి, ఒక గోరును నాలుకతో తడి చేసుకుంది. రెండు గోళ్ళ మధ్య ఏదో పురి పెడుతున్నట్టు నలిపింది. దారం కొన తడి చేసి సూదిలో ఎక్కించబోయే ముందు ఇరవై ఏళ్ళు రోజూ ఒక మనిషి చేసిన పని అది. ఓబుళమ్మ గుర్తుపట్టింది. ఎలుగు ఆ గోరును తన గొంతు కింద దించి, బొడ్డు దాకా ఒక్క లాగు లాగింది. గుడారపు బట్ట మీద బొగ్గుగీత గీసినట్టు, వంకర లేకుండా, నిలువుగా.

బసివయ్య ఆమె వైపు చూడలేదు. లేచి, నాలుగు కాళ్ళ మీద నిలబడ్డాడు.

భటుడి చెయ్యి ఆ గీత మీద పడింది.

"దొరికింది! కుట్టు దొరికింది!"

"రక్తం కారుతోందే," అన్నాడు రెండోవాడు.

"లోపలోడిదిరా. కత్తి తగిలించుకుని ఉంటాడు."

నలుగురు మీదపడి కాళ్ళకు తాళ్ళు వేశారు. గుండం పక్కన తోళ్ళు ఒలిచే కొయ్య చట్రం ఉంది. అక్కడికి ఈడ్చుకుపోయారు.

"నెమ్మదిగా ఒలవండి. ఏ దేశపు రాజు పంపాడో లోపలి వాడే చెబుతాడు," అన్నాడు ఖర్వటుడు. "మిగతావి తాగనీండి."

పదకొండు మూతులు తొట్టిలోకి వంగాయి. ఓబుళమ్మ కూడా వంగింది. దుంప నీళ్ళలోకి జారింది. ఒక్క క్షణం తొట్టి అడుగున పాలపుంత మెరిసినట్టయింది. పది ఎలుగులు గుటగుటా తాగాయి. ఒకటి. రెండు. మూడు. నూరు దాకా ఆగితే చాలు. పదిమంది మనుషులు లేస్తారు, గట్టు మీద నుంచి యువరాజు బాణాలు వేస్తాడు.

కానీ బసివయ్య తాగలేదు. నూరు దాకా ఆగితే చట్రం మీద బసివయ్య ఉండడు.

ఓబుళమ్మ రెండు కాళ్ళ మీద లేచింది. ఇనుప కంటె పైకి ఎత్తి, కింద ముడి లాగింది. ఎలుగు తల ఊడి చేతిలోకి వచ్చింది. నెరిసిన జుట్టు, చెమటతో తడిసిన ముఖం, ఎండలో నలభై మంది విలుకాళ్ళ ముందు బయటపడ్డాయి. తలను తిరగేసి తొట్టిలో ముంచింది. నిండా నీళ్ళు పట్టి, రొమ్ముకు హత్తుకుని, చట్రం వైపు పరుగు తీసింది.

"ఆడది!" అని అరిచాడు ఖర్వటుడు.

నలభై విండ్లు ఆమె వైపు తిరిగాయి. అందులో ముందుగా వంగిన విల్లు జారిపడింది. దాన్ని పట్టుకున్నవాడి గొంతులో గట్టు మీద నుంచి వచ్చిన బాణం దిగి ఉంది. వెంటనే రెండోది వచ్చింది. వెనక తొట్టి దగ్గర ఒక ఎలుగు మనిషి గొంతుతో మూలిగింది. గండప్ప కత్తి దూసి అడ్డం వచ్చాడు. ఓబుళమ్మ ఆగలేదు, తోలు భుజంతో గుద్ది దాటిపోయింది. కత్తివేటు భుజాన కూరిన బొంతలో దిగి ఇరుక్కుంది. గండప్ప కత్తి వదలక ఆమె వెనకే కాళ్ళీడుస్తూ వస్తున్నాడు.

చట్రం దగ్గర ఒలిచేవాడు వంపు కత్తి ఎత్తాడు. ఎలుగు కళ్ళు రాళ్ళ మీదుగా ఆమెనే చూస్తున్నాయి.

ఆమె చేతిలోని ఎలుగు తల కళ్ళ కన్నాల్లో నుంచి, పళ్ళ సందుల్లో నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె అరచేతులు అడ్డం పెట్టింది. ఇంకా ముప్పై అడుగులు. తలలో సగం నీళ్ళున్నాయి.